అప్‌డేట్: రెండు రాత్రుల రైలు ప్రయాణం, డైనింగ్ కార్ భోజనం

రెండు రాత్రుల ప్రయాణంలో డైనింగ్ కార్‌ను (రైల్లో కూర్చుని భోంచేసే పెట్టెను) నమ్ముకోవచ్చా, ఇంటి నుంచే కట్టుకెళ్లాలా అని పోయిన నెల అడిగాను కదా. వెళ్లొచ్చాం.

మొదటి రాత్రి భోజనం నిజంగా బాగుంది, ప్లేటు పట్టుకుంటే చెయ్యి కాలింది. రెండో రోజు మధ్యాహ్నం మాత్రం అంచులు ఎండిపోయి, మధ్యలో చల్లగా ఉంది. వడ్డించే ఆయన్ని అడిగితే దాచకుండా చెప్పాడు: ఆ రైల్లో వండరు, బయట వంటశాలలో వండి చల్లబరిచినవి ఎక్కించి, ఓవెన్‌లో వేడి చేస్తారట. రద్దీలో ఆ వేడి లోపలిదాకా పట్టదు. ఆ రాత్రి డైనింగ్ కార్ తలుపు తెరవగానే, రద్దీ మొదలవకముందే వెళ్లాం, తేడా స్పష్టంగా తెలిసింది.

పళ్లు, బిస్కెట్లు దగ్గర పెట్టుకోమన్నవాళ్లకు థాంక్స్, రైలు లేటయినప్పుడు అమ్మకు అవే ఆధారమయ్యాయి.