అప్‌డేట్: మున్‌క్‌ఫోర్స్ వెళ్లొచ్చాం
స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్ నుంచి ఒక్కరోజులో చూసిరాదగ్గ పాత ఇనుప పరిశ్రమ ఊరు చెప్పమని అడిగాను కదా, ఎక్కువమంది మున్‌క్‌ఫోర్స్ అన్నారు. వెళ్లొచ్చాం. క్లారెల్వెన్ నది ఒడ్డున చిన్న ఊరు. చూడాల్సింది ఉక్కు తయారుచేసే మార్టిన్ కొలిమి: స్వీడన్‌లో ఆ రకంలో మొదటిది, 1868 నాటిది. బయటికి పోయే వేడి పొగతో ఇటుకల గదులను బాగా వేడెక్కించి, లోపలికొచ్చే గాలిని వాటి మీదుగా పంపేవారు. ఉక్కు కరిగేంత వేడి అలా వచ్చేది. మా ఆయన అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు! ఇదే నదిలో 1991 దాకా దుంగలు తేలుస్తూ పంపేవారు. సైకిల్ మీద వెళ్లమన్నవారికి థ్యాంక్స్ అండీ; పాత రైలు కట్ట మీద వేసిన దారి, పెద్దగా ఎత్తుపల్లాలు లేవు. తిండి మాత్రం కట్టుకెళ్లండి, మమ్మల్ని పులిహోరే కాపాడింది.