ఫారెస్ట్ ప్లాట్‌లో ఆ బూడిదరంగు పట్టీ ఉంచాలా, తీసేయాలా?

అనంతపురం_ఎంఫార్మ్:
అందరికీ నమస్కారం. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మీద పాపులేషన్ మోడల్ (మనిషి మనిషికీ ఒంట్లో మందు తీరు ఎలా మారుతుందో చెప్పే లెక్క) కట్టాను. బరువు, కిడ్నీ పనితీరు బట్టి క్లియరెన్స్ (ఒంట్లోంచి మందు బయటికి పోయే వేగం) ఎంత మారుతుందో ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఫారెస్ట్ ప్లాట్ గీశాను: రిఫరెన్స్ మనిషిని 1 అనుకుంటే మిగతావాళ్లు ఎన్ని రెట్లో వరుసకో చుక్క. చూసి రాసిన కోడ్‌లో 0.8 నుంచి 1.25 వరకు బూడిదరంగు పట్టీ ఉంటే అట్లే ఉంచేశాను. గైడ్ సార్ "ఉండనీ" అంటున్నారు. ఇంకో మేడమ్ "ఎందుకుందో చెప్పలేకపోతే తీసెయ్" అంటున్నారు. వచ్చే వారం వైవా, ఒకటే టెన్షన్.

కడప_గణాంకం:
ఉంచు. పట్టీ లేకపోతే ఏ చుక్క పట్టించుకోవాలో, ఏది వదిలేయాలో చూసేవాడికి తెలియదు. ముందు లాగ్ స్కేలు (సమాన దూరానికి సమాన రెట్లు) పెట్టావో లేదో చూసుకో. 1ని 1.25తో భాగిస్తే 0.8, కాబట్టి లాగ్ మీదే రెండు వైపులా సమానంగా ఉంటుంది. మామూలు స్కేల్లో ఎడమవైపు నలిగిపోయి, సగానికి పడిపోవడం రెట్టింపు కావడం కంటే చిన్న సంగతిలా కనిపిస్తుంది.

కర్నూలు_వార్డు:
లాగ్ స్కేలు వరకు ఒప్పుకుంటాను అన్నా, పట్టీకి ఒప్పుకోను. ఆ అంకెలు బయోఈక్వివలెన్స్‌వి. ఒకే మందు, రెండు కంపెనీల మాత్రలు, రెండూ సమానమేనా అని తేల్చడానికి పెట్టిన హద్దు. 40 కిలోల మనిషికి డోసు తగ్గించాలా అన్నది వేరే ప్రశ్న. పైగా అక్కడ కూడా, డోసు కాస్త అటూఇటూ అయితే ముప్పు తెచ్చే మందులకు యూరప్ వాళ్లు 90 నుంచి 111.11 శాతం అంటారు. చుక్క పట్టీలో పడితే చాలు, మా హౌస్‌సర్జన్లు "ఏం పర్లేదు మేడమ్" అనేస్తారు.

కడప_గణాంకం:
పట్టీ తీసేస్తే ఎవరికి తోచిన హద్దు వాళ్లు మనసులో గీసుకుంటారు. అదింకా అన్యాయం.

అనంతపురం_ఎంఫార్మ్:
ఇంకో సంగతి సార్. రిఫరెన్స్ బరువు 70 పెట్టాను. మా డేటాలో మీడియన్ (నడిమి బరువు) 55.

కడప_గణాంకం:
ఒరే అబ్బీ, అసలు తిరకాసు ఇక్కడుంటే ఇంతసేపూ పట్టీ గురించి కొట్టుకుంటున్నామా! బరువుల నిష్పత్తి మీద ఘాతాంకం 0.75 అనుకో. 40 కిలోల మనిషి క్లియరెన్స్ 70తో పోలిస్తే 0.66, 55తో పోలిస్తే 0.79. 75 కిలోల మనిషి 70 పక్కన 1.05, పట్టీ నడుమ హాయిగా కూర్చుంటాడు. 55 పక్కన 1.26, గట్టు దాటేస్తాడు. మోడల్ అదే, మనుషులూ వాళ్లే. మళ్లీ మోడల్ నడపక్కర్లేదు, ప్లాట్‌కు ముందు నిష్పత్తులు మార్చుకుంటే సరి. రిఫరెన్స్ మనిషి బరువెంత, క్రియాటినిన్ క్లియరెన్స్ ఎంత అన్నది బొమ్మ కిందే రాయి.

కర్నూలు_వార్డు:
దీనికి నా ఓటు. మా వార్డులో డెబ్బై కిలోల మనిషిని వెతుక్కోవాలి. తమ్ముడూ, క్లియరెన్స్ బదులు ఏయూసీ (రక్తంలో మందు ఎంత, ఎంతసేపు ఉందో కలిపిన కొలత) గీయి. ఒకే డోసు ఇస్తే క్లియరెన్స్ 0.79 అయినవాడికి ఏయూసీ 1.27. మంచం దగ్గర మాకు కావాల్సింది అదే. తీవ్రమైన ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్‌కు లొంగని బ్యాక్టీరియా) ఇన్ఫెక్షన్లకు 2020 అమెరికా మార్గదర్శకాలు ఏయూసీకి 400 నుంచి 600 లక్ష్యం పెట్టాయి, ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మందు గాఢత) 1 అనుకుని. నీ రిఫరెన్స్ మనిషికి 500 వస్తుంటే పట్టీ 0.8 నుంచి 1.2. వైవాలో అడిగితే చెప్పడానికి కారణం ఉంటుంది.

కడప_గణాంకం:
ఇంత గొడవా చేసి 1.25ని 1.2 చేశారన్నమాట!

కర్నూలు_వార్డు:
నవ్వకండి అన్నా. రిఫరెన్స్ 450 అయితే 0.89 నుంచి 1.33 అవుతుంది.

అనంతపురం_ఎంఫార్మ్:
మార్చి గీశాను. మొదటిసారి వరుసంతా తలకిందులైంది. జీజీప్లాట్ (ఆర్‌లో బొమ్మలు గీసే ప్యాకేజీ) పేర్లను అక్షరక్రమంలో కింది నుంచి పైకి పేర్చేసింది, ఫ్యాక్టర్ లెవెల్స్ (పేర్లకు పెట్టే వరుస) తిప్పి సరిచేశాను. రిఫరెన్స్ 55, ఏయూసీ 500, పట్టీ 0.8 నుంచి 1.2. 40 కిలోల చుక్క 1.27 దగ్గర, పట్టీ బయట. గైడ్ సార్ చూసి "1.25 ఏమైందిరా?" అన్నారు. 400, 600 లెక్క చెప్పాను. "రేపు చూద్దాం" అన్నారు.