మిల్లు సిస్టమ్ రిమోట్‌లో నత్తనడక, కరెంటు పోయొస్తే అసలే దొరకదు. ఎక్కడ చూడాలె?

మిర్యాల_లెక్కలు:
మిర్యాలగూడ రైస్ మిల్లు, కాటా రూములో సిస్టమ్. మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10 ప్రో. ట్యాలీ ప్రైమ్ (లెక్కల సాఫ్ట్‌వేర్), వేబ్రిడ్జి (లారీ కాటా) సాఫ్ట్‌వేర్ రెండూ దాంట్లనే. నల్లగొండ నుంచి రస్ట్‌డెస్క్ (దూరం నుంచి ఇంకో సిస్టమ్ స్క్రీన్ చూసి నడిపే సాఫ్ట్‌వేర్)తో నడిపిస్తున్నం. రెండు దిక్కులా ఫైబరే, స్పీడ్ టెస్టుల 40 ఎంబీపీఎస్‌కు తక్కువ లేదు.

తిప్పలు మూడు. ఒకటి, వోచర్ కొడుతుంటే అక్షరం ఆలస్యంగా పడుతది. ఎంటర్ పడలేదేమో అని ఇంకోసారి నొక్కితే కర్సర్ రెండు గళ్లు దాటిపోయి, బస్తాల సంఖ్య పోయి రేటు గడిలో కూసుంటది. రెండు, రాత్రి వాచ్‌మన్ మానిటర్ స్విచ్ బంద్ చేస్తే మనకు నల్ల స్క్రీన్, లేకుంటే బుల్లి స్క్రీన్. మూడు, కరెంటు పోయి వచ్చినంక రస్ట్‌డెస్క్‌లో మిల్లు ఐడీ ఆఫ్‌లైన్. ఎవరన్న పోయి బటన్ నొక్కాల్సిందే. యాసంగి కోతలు మొదలైతే ఇట్ల నడవదు.

పానగల్లు:
స్పీడ్ టెస్టును పక్కన పెట్టండి. అది పైపు ఎంత లావో చెప్తుంది, చుక్క ఎంతసేపటికి చేరుతుందో చెప్పదు. టైపింగ్‌కు కావాల్సింది రెండోది.

సెషన్ తెరిచి పై పట్టీలో ఐడీ పక్కనున్న చిన్న గుర్తు మీద మౌస్ పెట్టండి. "డైరెక్ట్" (రెండు సిస్టమ్‌లు నేరుగా కలిసినట్టు) అని ఉందా, "రిలేడ్" (నడుమ రిలే అనే సర్వర్ మీదుగా కలిసినట్టు) అని ఉందా? తర్వాత డిస్‌ప్లే మెనూలో "షో క్వాలిటీ మానిటర్" టిక్ చేసి డిలే (ఆలస్యం), ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని బొమ్మలు), కోడెక్ (స్క్రీన్ బొమ్మను కుదించి పంపే పద్ధతి) చెప్పండి. అప్పుడే మిల్లు సిస్టమ్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ ఎంత ఉందో చూడండి.

రెండు చోట్లా రూటర్ పేజీలోకి పోయి వ్యాన్ ఐపీ (నెట్ కంపెనీ రూటర్‌కు ఇచ్చిన అడ్రసు) కూడా చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మీరు సీజీ నాట్ వెనక ఉన్నట్టే. అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇండ్లకు పంచుతున్నరు. బయటి నుంచి మీ రూటర్ తలుపు తట్టే దారి ఉండదు, పోర్ట్ ఫార్వర్డింగ్ (రూటర్‌లో బయటోళ్లకు దారి తెరవడం) ఎంత చేసినా దండగే.

మిర్యాల_లెక్కలు:
రిలేడ్. డిలే 230 నుంచి 260 మిల్లీసెకన్లు. ఎఫ్‌పీఎస్ 6, 7. కోడెక్ ఏవీ1. సీపీయూ 95 శాతం. వ్యాన్ ఐపీ రెండు దిక్కులా 100తోనే మొదలైతంది, రెండో అంకె మిల్లులో 72, ఇక్కడ 81.

పానగల్లు:
అయితే ఒకటి కాదు, రెండు రోగాలు.

సీపీయూది సులువు. ఏవీ1 తక్కువ డేటాలో మంచి బొమ్మ ఇస్తుంది గానీ దాన్ని తయారు చేసే బరువు మిల్లు సిస్టమ్ మీదే పడుతుంది. మూడో తరం ఐ3లో దానికి హార్డ్‌వేర్ సాయం లేదు, మొత్తం సీపీయూనే మొయ్యాలి. కోడెక్ వీపీ8కి మార్చండి. సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ కోడెక్ టిక్ పెట్టినంక హెచ్264 కనిపిస్తే అది ఇంకా తేలిక. ఇమేజ్ క్వాలిటీలో "ఆప్టిమైజ్ రియాక్షన్ టైమ్" ఎంచుకోండి. ట్యాలీకి 15 ఎఫ్‌పీఎస్ ఎక్కువే.

డిలే మాత్రం దారి సమస్య. నేరుగా కలవక మీ ప్రతి అక్షరం దూరాన ఉన్న రిలే దాకా పోయి వెనక్కి వస్తుంది. ఏ కోడెక్ పెట్టినా అది తగ్గదు.

పాలమూరు_నెట్:
సొంత రిలే పెట్టుకోవడం పెద్ద పనేం కాదు. ముంబై లేదా హైదరాబాద్ రీజియన్‌లో 1 జీబీ ర్యామ్ లైనక్స్ సర్వర్ తీసుకుంటే చాలు. రెండు ప్రోగ్రాములు నడవాలె: ఐడీ చూసుకునే హెచ్‌బీబీఎస్, రిలే చేసే హెచ్‌బీబీఆర్. టీసీపీ, యూడీపీ అని డేటా పంపే పద్ధతులు రెండు. టీసీపీలో 21115, 21116, 21117 పోర్టులు (సర్వర్ తలుపులు) తెరవాలె. యూడీపీలో 21116 తెరవాలె. వెబ్ క్లయింట్ వాడకపోతే 21118, 21119 జోలికి పోవద్దు.

అందరూ బోల్తా పడేది ఆ యూడీపీ 21116 దగ్గరే. ఐడీ నమోదు, "నేను బతికే ఉన్న" అనే కబురు రెండూ దాని మీదనే పోతయి. టీసీపీ ఒక్కటే తెరిచి "రెడీ అయితలేదు" అని తల పట్టుకుంటరు. క్లౌడ్ పేజీలో ఒక ఫైర్‌వాల్, సర్వర్ లోపల ఇంకొకటి ఉంటది, రెండింటిలో తెరవాలె.

సర్వర్ మొదటిసారి లేచినప్పుడు తాళంచెవి జంట తయారైతది. ".పబ్" ఫైలులో ఉన్న లైను మొత్తం, చివరి "=" గుర్తుతో సహా, రెండు సిస్టమ్‌లలో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోని "కీ" గడిలో వేయాలె. ఆ ఒక్క గుర్తు వదిలేస్తే "కీ మిస్‌మ్యాచ్" అంటది. డేటా లెక్క: ఆఫీసు పనికి సెకనుకు 100 కిలోబైట్లు అనుకుంటే ఎనిమిది గంటలకు 3 జీబీ లోపే.

దేవరకొండ_కేబుల్:
ఒక్క సిస్టమ్ కోసం నెలనెలా సర్వర్ కిరాయి ఎందుకన్నా? టెయిల్‌స్కేల్ (దూరాన ఉన్న సిస్టమ్‌లను ఒకే ప్రైవేటు నెట్‌వర్క్‌లో కలిపే సాఫ్ట్‌వేర్) రెండు దిక్కులా వేసి, మిల్లు రస్ట్‌డెస్క్‌లో సెక్యూరిటీ కింద "డైరెక్ట్ ఐపీ యాక్సెస్" ఆన్ చేసి, ఐడీ గడిలో టెయిల్‌స్కేల్ ఇచ్చిన ఐపీ కొడితే అయిపోయే. సీజీ నాట్‌ను దాటి నేరుగా కలవడానికి గట్టిగానే ప్రయత్నిస్తది. కలవకపోయినా దాని రిలే బెంగళూరులో ఉంది.

మూడు మాటలు మర్చిపోవద్దు. మిల్లు సిస్టమ్‌లో "రన్ అన్‌అటెండెడ్" టిక్ ఉండాలె, లేకుంటే ఎవరో లాగిన్ అయ్యేదాక టెయిల్‌స్కేల్ లేవదు. అడ్మిన్ పేజీలో ఆ సిస్టమ్‌కు "కీ ఎక్స్‌పైరీ" తీసేయాలె, మామూలుగా 180 రోజులకు గడువు పెట్టి ఉంటది, సీజన్ నడుమ పట్టున తెగుతది. ఇంకోటి, టెయిల్‌స్కేల్ ఐపీ కూడా 100తోనే మొదలైతది. దాన్ని చూసి సీజీ నాట్ అనుకోవద్దు, పానగల్లు అన్న చెప్పినట్టు రూటర్ పేజీలోనే చూడాలె.

పాలమూరు_నెట్:
ఒక్క సిస్టమ్ అయితే నీ మాటే ఖరారు. నాలుగైదు మిల్లులు చూసేటోళ్లకు సొంత రిలే.

గడియారం_సెంటర్:
టెయిల్‌స్కేల్ ఉన్నప్పుడు విండోస్ వాళ్ల రిమోట్ డెస్క్‌టాప్ ఎందుకు వాడొద్దు? ప్రో వెర్షనే కదా. టైపింగ్ దాంట్లో ఇంకా నున్నగా ఉంటుంది.

పానగల్లు:
నున్నగానే ఉంటుంది, కానీ అది కాటా రూము. మీరు రిమోట్ డెస్క్‌టాప్‌లో లాగిన్ కాగానే అక్కడి స్క్రీన్ లాక్ పడుతుంది. కాటా మీద లారీ ఉంది, ఆపరేటర్ తూకం పట్టబోతుంటే ముందర పాస్‌వర్డ్ గడి. ఆయన పాస్‌వర్డ్ కొడితే మీరు బయటికి. పగలు ఇద్దరూ ఒకే స్క్రీన్ చూడాలంటే రస్ట్‌డెస్కే. రాత్రి పని ఉంటే రిమోట్ డెస్క్‌టాప్ వాడుకోండి, టెయిల్‌స్కేల్ ఐపీ మీదనే. పబ్లిక్ ఐపీ ఉన్నోళ్లు కూడా రూటర్‌లో 3389 (రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు) తెరవొద్దు. పాస్‌వర్డ్‌లు ఊహించే బాట్లు రోజంతా దాన్నే తడుతుంటయి.

"నెట్ బాగైంది కదా" అని ట్యాలీ డేటా ఫోల్డర్‌ను మాత్రం నల్లగొండ దాకా షేర్ చేయొద్దు. సేవ్ నడుమ లైన్ తెగితే డేటా పాడయ్యే ప్రమాదం. స్క్రీన్ రావాలి, ఫైళ్లు మిల్లులోనే ఉండాలి.

దేవరకొండ_కేబుల్:
నల్ల స్క్రీన్ సంగతి: మానిటర్ హెచ్‌డీఎంఐదా? స్విచ్ బంద్ చేస్తే విండోస్ లెక్కలో మానిటర్ పీకేసినట్టే, ఇక గీయడానికి స్క్రీన్ ఉండదు. హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ అని బొటనవేలంత ఉంటది, మానిటర్ ఉన్నట్టే విండోస్‌ను నమ్మిస్తది, ఖాళీ పోర్టులో గుచ్చండి. గుచ్చినంక విండోస్ బటన్, పి కలిపి నొక్కి "డూప్లికేట్" పెట్టాలె. ఎక్స్‌టెండ్‌లో ఉంటే ట్యాలీ విండో ఆ కనపడని మానిటర్ మీదికి పోతది, కాటా ఆపరేటర్ వెతుక్కుంటడు.

కరెంటు సంగతి: బయోస్‌లో (విండోస్ లేవకముందు వచ్చే బోర్డు సెట్టింగ్స్) "రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్" లేదా "ఏసీ బ్యాక్" అని ఉంటది, "పవర్ ఆన్" పెట్టండి. పెట్టినా నిలవకుంటే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు. గడియారం కూడా వెనక్కి పోతుంటే అనుమానమే లేదు. పవర్ ఆప్షన్స్‌లో స్లీప్ "నెవర్". రస్ట్‌డెస్క్ ఊరికే రన్ చేయకుండా ఇన్‌స్టాల్ చేయాలె, అప్పుడే సర్వీసుగా లాగిన్‌కు ముందే లేస్తది.

యూపీఎస్ ఉంటే ఒక మెలిక. బ్యాటరీ తగ్గిందని యూపీఎస్ సాఫ్ట్‌వేర్ సిస్టమ్‌ను షట్‌డౌన్ చేసినంక, యూపీఎస్ పూర్తిగా ఆరకముందే కరెంటు వచ్చిందనుకోండి. బయోస్ లెక్కలో కరెంటు పోనే లేదు, కాబట్టి సిస్టమ్ లేవదు. దానికి బయోస్‌లో "ఆర్‌టీసీ అలారం" (చెప్పిన టైముకు సిస్టమ్‌ను లేపేది) పొద్దున 8:45కు పెట్టుకోండి.

మిర్యాల_లెక్కలు:
వీపీ8, టెయిల్‌స్కేల్ రెండూ అయినయి. ఇప్పుడు "డైరెక్ట్" చూపిస్తంది. డిలే 38, సీపీయూ 40 దగ్గర. ఎంటర్ నొక్కంగనే కర్సర్ కదులుతంది. బయోస్ నిజంగనే నిలవలే, గడియారం 2012 చూపించింది, బ్యాటరీ మార్పించినం. డమ్మీ ప్లగ్ ఇంకా రాలేదు. ఒక్క సందేహం: రస్ట్‌డెస్క్‌లో తెలుగు కొడితే ఇంగ్లిష్ అక్షరాలే పడుతున్నయి.

పానగల్లు:
కీబోర్డ్ మెనూలో "మ్యాప్ మోడ్" ఎంచుకోండి. అప్పుడు మీ మీట నంబరే అటు పోతుంది, ఏ అక్షరమో మిల్లు సిస్టమ్ తేల్చుకుంటుంది. తెలుగు కీబోర్డ్ అక్కడ ఉండాలి, ఇక్కడ ఇంగ్లిష్‌లోనే ఉంచండి.