కనపడనిదా, చూడలేనిదా?

పాతకాలపు బేస్‌బాల్ పిచర్ (బంతి విసిరేవాడు) వాల్టర్ జాన్సన్ బంతి గురించి బ్యాటర్లు అనేవారని చెప్పుకునే మాట ఉంది కదా, "కనపడనిదాన్ని కొట్టలేం" అని. ఎప్పుడో చదివిన తెలుగు వ్యాసంలో "చూడలేనిదాన్ని" అని ఉన్నట్టు గుర్తు. ఏది సరి?

— "కనపడని"దే. "చూడలేని" అంటే లోపం బ్యాటర్ కంటిదవుతుంది. 1913లో 36 మ్యాచులు గెలిచి 7 మాత్రమే ఓడిన మనిషి ఎదుట నిలబడ్డవాళ్ల చూపుకేం తక్కువండీ?

— ఒప్పుకోను. తప్పు తన మీద వేసుకోవడంలోనే ఆ మాటకి అందం. ఎవరికి తగులుతుందోనన్న భయం జాన్సన్‌ది. అది కనిపెట్టి టై కాబ్ అనే బ్యాటర్ ప్లేట్ (బంతి మీదుగా వెళ్లాల్సిన పలక) మీదికి జరిగి నిలబడేవాడు, జాన్సన్ దూరంగా వేసేవాడు. కాబ్ చూసింది బంతిని కాదు, మనిషిని.

— రెండు రూపాల్లోనూ రెండు "లేదు"లున్నాయి, అది చూడండి. పోతన "సిరికిం జెప్పడు"లో చేసిందీ అదే. చెప్పడు, సంధింపడు, చీరడు... చెయ్యనివన్నీ చెప్పి వేగం చూపించాడు మహానుభావుడు.

— పోతన సరే, నోటితో పలికి చూశారా? "కనపడందాన్ని" అనాలి. "ని" పోయి సున్న వస్తేనే పరుగు. "నిదా" దగ్గర నాలుక ఆగిపోతోంది.

— ఆగాలి మాస్టారూ! జాన్సన్ విసురులో తొందరెక్కడుంది? చెయ్యి పైకెత్తకుండా పక్కనుంచి తాపీగా ఊపేవాడు, వేగమంతా బంతిలో. "నిదా" దగ్గర నిదానించి "కొట్టలేం" దగ్గర తెగాలి.

— మీరంతా కుర్రతనపు జాన్సన్‌నే తలుచుకుంటున్నారు. 1908లో న్యూయార్క్ జట్టుని నాలుగు రోజుల్లో మూడుసార్లు సున్నాకి కట్టేసినవాడు సరే. 1924 వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్) నాటికి 36 ఏళ్లు, ఆ సిరీస్‌లో అప్పటికే రెండు మ్యాచులు ఓడి ఉన్నాడు. ఏడో మ్యాచ్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్‌కి దిగి, తన జట్టు వాషింగ్టన్ పన్నెండోదాంట్లో గెలిచేదాకా ఒక్క పరుగివ్వలేదు. పాత వేగం తగ్గింది, బంతి కనపడుతూనే ఉంది. అయినా కొట్టలేకపోయారు. 417 గెలుపులు, అందులో పరుగే ఇవ్వనివి 110. ఆ 110 ఇప్పటికీ రికార్డే. వీటన్నిటికీ "కనపడని" ఒక్కటే చాలదు.

— నేను చదివిన వ్యాసంలో ఆయన ముద్దుపేరు "బిగ్ ట్రెయిన్"ని "పొగబండి" అని రాశారు. "పెద్ద" వదిలెయ్యొచ్చా?

— వదిలెయ్యండి, పొగబండిలోనే పెద్దతనం ఉంది. పోతన పద్యం ఎత్తినవారు మాత్రం చివరి పాదం వదిలేశారు. "గజప్రాణావనోత్సాహియై" లేకపోతే ఆ "డు"లన్నీ దేనికోసం?