అమ్మ ఫొటోలో భుజం దగ్గర తీగ: చెరిపితే మరక పడుతోంది

ప్రశ్న:
మా అమ్మ నిండుగా నవ్విన ఫొటో నా దగ్గర ఇదొక్కటే ఉంది. ఆమె భుజం వెనక నుంచి ఆకాశం మీదుగా ఒక కరెంటు తీగ అడ్డంగా పోతుంది, కుడి అంచున ఎవరిదో మోచేయి సగం కనిపిస్తుంది. ఫొటోషాప్‌లో స్పాట్ హీలింగ్ బ్రష్‌తో గీస్తే ఆకాశంలోని తీగ చక్కగా పోయింది గాని, భుజాన్ని తాకే చోట మాత్రం బట్టల రంగు ఆకాశంలోకి పాకి, పొగచూరినట్లు మరక పడింది. దీనికి మార్గం చెప్పగలరా?

మొదటి సమాధానం:
హీలింగ్ బ్రష్‌లు రంగును, వెలుగును మీరు గీసిన చోటికి చుట్టుపక్కల ఉన్నవాటితో కలిపేస్తాయి. అక్కడ భుజం ఉంది కాబట్టే మరక పడింది. ఆ కాస్త మేరకు, ఉన్నదున్నట్లు నకలు చేసే క్లోన్ స్టాంప్ వాడండి. ముందుగా ఫొటో పైన ఒక ఖాళీ లేయర్ (పారదర్శకమైన పొర) తెరిచి, శాంపిల్ దగ్గర 'కరెంట్ అండ్ బిలో' (ఈ పొర, దీని కింది పొరల నుంచి నమూనా) ఎంచుకుంటే అసలు ఫొటో చెక్కుచెదరదు. తర్వాత బాగా జూమ్ చేసి, లాసోతో (చేత్తో గీసి ఎంచుకునే పనిముట్టు) భుజం అంచు వెంబడి ఆకాశాన్ని మాత్రమే సెలెక్ట్ చేసి, 1 పిక్సెల్ ఫెదర్ (అంచును కాస్త మెత్తబరచడం) ఇస్తే బ్రష్ భుజం మీదికి రాదు. ఆల్ట్ నొక్కి తీగకు ఆనుకుని ఉన్న ఆకాశాన్నే నమూనాగా తీసుకోండి. ఆకాశపు వెలుగు పైనుంచి కిందికి మారుతూ ఉంటుంది గనుక దూరం నుంచి తెచ్చిన ముక్క అతుకులా కనిపిస్తుంది. ఇలా భుజం దగ్గర తీగను కొంచెం తెంపేశాక మిగిలినది దేన్నీ తాకదు, దాన్ని హీలింగ్ బ్రష్‌కే వదిలేయవచ్చు.

రెండవ సమాధానం:
మోచేతి విషయంలో నా మాట వింటే అంచును క్రాప్ చేయడమే మేలు. అలా చేస్తే అమ్మగారు మరీ పక్కకు వచ్చేస్తారనిపిస్తే, మోచేతిని, దాని నీడను కూడా కాస్త వదులుగా సెలెక్ట్ చేసి కంటెంట్-అవేర్ ఫిల్ ప్రయత్నించండి. 2010లో ఫొటోషాప్ సీఎస్5 వెర్షన్‌తో వచ్చిన ఈ సౌకర్యం అదే ఫొటోలోని ముక్కలు ఏరి పూడుస్తుంది కాబట్టి, ఒక్కోసారి ఆమె బట్టల ముక్కను కూడా తెచ్చిపెడుతుంది. కొత్త వెర్షన్లలో ఆకుపచ్చగా కనిపించే శాంపిలింగ్ ప్రాంతం నుంచి ఆమెను తొలగిస్తే ఆ ఇబ్బంది ఉండదు. 2023లో వచ్చిన జనరేటివ్ ఫిల్ ఫొటోలో లేనిదాన్ని కల్పించి గీస్తుంది. జ్ఞాపకంగా దాచుకునే ఫొటోలో, ముఖ్యంగా ముఖం దగ్గర, దాన్ని దయచేసి వాడకండి.

మూడవ సమాధానం:
గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే పద్ధతి పనిచేస్తుంది. నమూనా తీసుకోవడానికి ఆల్ట్‌కు బదులు కంట్రోల్ నొక్కాలి, ఖాళీ లేయర్ మీద పనిచేసేటప్పుడు 'శాంపిల్ మెర్జ్‌డ్' (కనిపించే అన్ని పొరల నుంచీ నమూనా) టిక్ చేసి ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
తీగను ముందుగా భుజం దగ్గర తెంపాక మరక రాలేదు, మీ అందరికీ ధన్యవాదాలు. ఫొటోను తెరకు సరిపడేలా తగ్గించి చూసినప్పుడు ఒకే మబ్బు తునక పక్కపక్కనే రెండుసార్లు కనిపించింది. వేరే లేయర్ మీద ఉన్నందువల్ల ఆ ఒక్క ముక్కను ఎరేజర్‌తో తుడిచి, మరోచోటి నమూనాతో మళ్ళీ వేశాను. మోచేతిని క్రాప్ చేసేశాను.