అప్‌డేట్: నవల ఎంతవరకు వచ్చిందంటే

ఏడాదిలో 60,000 పదాల నవల రాయాలనుకుని మొదటి పేజీ దాటలేకపోతున్నానని మూడు నెలల క్రితం అడిగాను కదా. రోజుకు 300 పదాలు చాలు, 200 రోజుల్లో అయిపోతుందన్నారు. పదో రోజుకే చతికిలబడ్డాను. ఒకరోజు తప్పితే మర్నాటికి 600, ఆ మర్నాటికి 900, వడ్డీలా పెరిగిపోయి టెన్షన్‌తో అసలు ఫైలే తెరవలేదు.

తర్వాత బాకీ మోయడం మానేసి 100 పదాలకు దిగాను, అదీ పొద్దున పళ్లు తోముకోగానే. కూర్చున్నాక చాలా రోజులు 200 దాటుతోంది. వాక్యం సగంలో ఆపేయమన్న సలహాకు అప్పుడు నవ్వుకున్నాను గానీ అన్నిటికంటే అదే పనిచేసింది. మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కర్లేదు.

ఇప్పటికి 14,000 దాటాయి. ఏడాదిలో పూర్తవదు, తెలుసు. రెండో అధ్యాయం చెత్తగా ఉంది, దాని జోలికి ఇప్పుడే వెళ్లను.