ముహూర్తం వేళ ఫ్లాష్ స్టాండు మీద నుంచి కెమెరా మీదికి: మీరెలా మారుస్తున్నారు?

తణుకు_క్లిక్స్:
అన్నలూ, జ్యేష్ఠంలో ఒక పెళ్లి చేశాను. పెళ్లికూతురి గదిలో ఫ్లాష్‌ని స్టాండు మీద పెట్టి గొడుగులోంచి కొడితే ఫోటోలు చక్కగా వచ్చాయి. ఇంతలో ముహూర్తం దగ్గర పడిందని పంతులుగారు కేకేశారు. అదే ఫ్లాష్ ఊడదీసి కెమెరా మీద బిగించి మండపం ఎక్కాను. తెర పట్టారు, జీలకర్ర బెల్లం పెట్టించారు. నేను నొక్కుతూనే ఉన్నా, ఫ్లాష్ వెలగదే! స్క్రీన్ వెలుగుతోంది, బ్యాటరీ నిండుగా ఉంది. ఆరు ఫ్రేములూ చీకటి. రా ఫైళ్లలో (కెమెరా కుదించకుండా దాచే ఫోటో ఫైళ్లు) వెలుతురు పెంచితే ముఖాలు తేలాయి గానీ మధుపర్కాల తెలుపంతా బూడిదరంగు, గరుకు గరుకు. పెళ్లికూతురి అమ్మగారు ఆల్బంలో మొదటి పేజీకి ఆ ఫోటోనే అడిగారు. అప్పటి నుంచి మనసు మనసులో లేదు.

ఓరుగల్లు_వెలుగు:
తమ్మీ, ఫ్లాష్ మంచిగనే ఉంది, స్లేవ్ మోడ్‌ల, అంటే వేరేదాని సిగ్నల్ వస్తేనే వెలిగే సెట్టింగుల ఉండిపోయింది. స్టాండు మీద ఉన్నప్పుడు అది ట్రిగ్గర్ (కెమెరా మీద పెట్టే చిన్న రేడియో పెట్టె) నుంచి వచ్చే సిగ్నల్ కోసం చూస్తది. అదే మోడ్‌ల తెచ్చి కెమెరా మీద పెడితే హాట్‌షూ (కెమెరా పైన ఫ్లాష్ బిగించే గాడి) మాట వినది. వైర్‌లెస్ ఆఫ్ చేసినంకనే కొడ్తది. నాకూ ఒకసారి తలంబ్రాలప్పుడు గిట్లనే అయింది. అప్పటిసంది ఫ్లాష్ బిగించంగనే నేల దిక్కు ఒకటి కొట్టి చూసుకుంట.

విశాఖ_ఫ్రేమ్:
వైర్‌లెస్ ఆఫ్ చేసినా పని అయిపోదు, పవర్ సంగతి కూడా చూసుకోవాలి. స్టాండు నుంచి అమ్మాయికి ఆరడుగులు అనుకోండి. మీరు దగ్గరికెళ్లినా వెనక్కొచ్చినా ఆ ఆరడుగులు మారవు. మాన్యువల్‌లో 1/8 (పూర్తి పవర్‌లో ఎనిమిదో వంతు) పెట్టి వదిలేయొచ్చు. కెమెరా మీద ఉంటే ఫ్లాష్ మీతో పాటే కదులుతుంది. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతే, అంటే రెండు స్టాపులు తగ్గినట్టు (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది). మండపంలో మనం ఒకచోట నిలబడతామా? ఇప్పుడు పంతులుగారి భుజం పక్కన, మరుక్షణం మేనమామ వెనకాల. అందుకే స్టాండు మీద మాన్యువల్, కెమెరా మీద టీటీఎల్ (లెన్సులోంచి వచ్చే వెలుగు కొలిచి పవర్ తనే సరిచేసుకునే పద్ధతి). అయితే ఫ్రేము నిండా మధుపర్కాలుంటే ఆ తెలుపు చూసి టీటీఎల్ వెలుగు తగ్గించేస్తుంది. నేను +2/3 కాంపెన్సేషన్ పెడతాను, అంటే ఫ్లాష్ వెలుగు స్టాపులో మూడింట రెండొంతులు పెంచుతాను.

ఇంకోటి. ఫ్లాష్ తల నేరుగా ముఖం మీదికి పెట్టకండి. హాల్లో తెల్ల సీలింగు పది పన్నెండడుగుల ఎత్తులో ఉంటే పైకి తిప్పి, వెలుగు సీలింగుకి తగిలి కిందికి వచ్చేలా బౌన్స్ చేయండి. పైన ఎర్ర షామియానా ఉంటే మాత్రం వద్దు, పెళ్లికొడుకు ముఖం కూడా ఎర్రబడుతుంది.

కడప_లెన్స్:
అడుగున ఒకే పిన్నున్న మాన్యువల్ ఫ్లాష్ వాడేవాళ్లకి ఒక మాట. సాయంత్రం బయట ట్రిగ్గర్‌తో హైస్పీడ్ సింక్‌లో (షట్టర్ చాలా వేగంగా ఉన్నా ఫ్రేమంతా ఫ్లాష్ పడేలా చేసే పద్ధతి) షట్టర్ 1/2000 పెట్టి తీశాను. అదే ఫ్లాష్ కెమెరా మీదికి వచ్చేసరికి హైస్పీడ్ సింక్ పనిచేయలేదు. షట్టర్ తగ్గించడం మరిచిపోయా, ఫోటో దాదాపు అంతా నలుపే. ఇప్పుడు ఫ్లాష్ కెమెరా మీదికి రాగానే షట్టర్ 1/200కి దించేస్తాను.

ఓరుగల్లు_వెలుగు:
అసలు మార్చుడెందుకు తమ్మీ? రెండో ఫ్లాష్ కెమెరా మీద పెట్టి ట్రాన్స్‌మిటర్ మోడ్‌ల ఉంచు. స్టాండు మీదిదాన్ని అదే పేలుస్తది. దాని సొంత వెలుగు కావాలంటే టీటీఎల్‌ల పెట్టు, వద్దంటే దాని వెలుగు ఆఫ్ చెయ్యి. రెండూ ఒకే కంపెనీవో, ఒకే రేడియో పద్ధతివో ఉండాలె, చానెల్ కలవాలె. తలంబ్రాలకైతే నేను స్టాండుదాన్ని 1/32ల పెట్టి పక్కకెల్లి కొడ్త. పవర్ తగ్గిన కొద్దీ మెరుపు ఉండే సమయం తగ్గుతది, ఒక్కో బియ్యపుగింజ గాలిల నిలబడ్డట్టే కనబడ్తది. వెలుగు తగ్గుతది కాబట్టి ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) పెంచుకోవాలె మరి.

తణుకు_క్లిక్స్:
ఆషాఢం కదా, పెళ్లిళ్లు లేవు. నిన్న రాత్రి చెల్లిని కూర్చోబెట్టి సాధన చేశాను. ఫ్లాష్ ఊడదీయడం, వైర్‌లెస్ ఆఫ్, టీటీఎల్, షట్టర్ 1/200, తల పైకి, నేల మీద ఒక టెస్టు. మొదటిసారి 40 సెకన్లు పట్టింది, ఇరవయ్యోసారికి 12కి వచ్చింది. శ్రావణంలో మొదటి పెళ్లికి రెండో ఫ్లాష్ అద్దెకు తెస్తున్నాను. ట్రాన్స్‌మిటర్‌గా పెడితే సెల్లులు తొందరగా అయిపోతాయా అన్నా?

ఓరుగల్లు_వెలుగు:
వెలుగు ఆఫ్ చేసి ఉంచితే అంత తాగదు. అయినా ముహూర్తానికి అరగంట ముందు రెండిట్ల కొత్త సెల్లులు వెయ్యి. పాతయి అప్పగింతలకు పనికొస్తయ్.